‘మీరు’ నుంచి ‘నువ్వు’ దాకా

ఆదివారం భోజనాల దగ్గర తగిలిన దెబ్బ మంగళవారానికి కూడా మానలేదు ఫెర్నాన్‌కి. అంతమంది చుట్టాల ముందు మరదలు నవ్వుతూ, “అక్కా, మళ్ళీ పెళ్ళి చేసుకోమంటే బావనే చేసుకుంటావా?” అని అడిగింది. ఆయన భార్య ఓదిల్ తాపీగా చీజు కోస్తూ, “ఆలోచించాలి” అంది.

ఇరవై ఐదేళ్ళ కాపురం! ఫ్రాన్సులో దిజోఁ ఊళ్ళో సగంమందికి తన కొట్టు చీజు తినిపించిన మనిషి! ఆ ఒక్క మాటతో ఆయనకి ముద్ద దిగడం మానేసింది. ఆవిడ నోటితో ‘నిన్నే చేసుకుంటాను’ అనిపించుకుంటే తప్ప దిగేలా లేదు.

తిన్నగా మూడు పెళ్ళిళ్ళ బార్నబే దగ్గరికి వెళ్ళాడు. బార్నబేది సెలూను. సరసంలో ఆయన్ని మించినవాడు ఊళ్ళో లేడని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది కూడా ఆయనే.

“ఒరేయ్ ఫెర్నాన్, పాత మొగుడు ఆడదాని కంటికి ఆనడురా. పరాయివాడివైపో. రేపట్నుంచి మీ ఆవిణ్ణి ‘మీరు’ అను, ఇప్పుడే పరిచయమైనట్టు. వారంలో నీ దారికి రాకపోతే నా మీసం తీయించేస్తా!”

“కత్తెర నీ చేతిలోనే ఉంది, నీకేం నష్టంరా?” అన్నాడు గానీ, ఫెర్నాన్‌కి సలహా భేషుగ్గా తోచింది.

మర్నాడు ఉదయం కొట్టు కిటకిటలాడుతోంది. ఫెర్నాన్ సెంటు పూసుకుని, మెడలో సిల్కు గుడ్డ చుట్టుకుని గొంతు సవరించుకున్నాడు.

“మేడమ్, ఆ మేకపాల చీజు కాస్త ఇటు అందిస్తారా? మీ చేతులు ఎంత అందంగా ఉన్నాయండీ!”

కొట్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఓదిల్ మాత్రం కళ్ళార్పకుండా, “అలాగేనండీ” అంది.

ఆ ఊళ్ళో ఆలుమగలు ‘మీరు’లోకి దిగారంటే మధ్యలో లాయర్లు వచ్చారనే అర్థం. ఆ సంగతి మన సరసుడికి తట్టలేదు. పావుగంటలో రొట్టెల కొట్టావిడ పరుగున వచ్చి ఓదిల్‌ని కావలించుకుంది. మాంసం కొట్టాయన ఫెర్నాన్‌ని పక్కకి లాగి, “ఏమైనా సరే, ఇల్లు మాత్రం రాసివ్వకు” అని చెవిలో ఊదాడు. మధ్యాహ్నం రైలుకి అత్తగారు రెండు పెట్టెలతో, పిల్లితో దిగింది.

“పెళ్ళినాడే చెప్పాను, వీడు వద్దని!”

“విడాకులు కాదత్తయ్యా, సరసం!”

“చీజు కంపు కొట్టేవాడికి సరసమొకటా!”

“ఓదిల్, నువ్వైనా చెప్పవే!”

“క్షమించాలి. ‘నువ్వు’ అంటున్నారేమిటి? మనకంత చనువు ఎప్పుడు కుదిరిందండీ?” అంది ఓదిల్. “కొత్తగా పరిచయమైన మగవారు పెట్టెలు మోస్తారు. పువ్వులు తెస్తారు. బయట భోజనానికి తీసుకెళతారు. మోకాళ్ళ నొప్పుల సంగతి ఎత్తరు.”

ఫెర్నాన్ ఆ పెట్టెలు రెండూ మూడో అంతస్తుకి మోశాడు. పువ్వులు తెచ్చాడు. రోజూ మధ్యాహ్నం ఆవిణ్ణి హోటలుకి తీసుకెళ్ళాడు. మోకాలి ఊసు లేకపోతే మాట్లాడ్డానికి ఏమీ మిగల్లేదు గనక, ఆవిడ చెప్పేది వినడం మొదలుపెట్టాడు. శనివారం నాడు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ అలా నవ్వుతుందన్న సంగతే మరిచిపోయాడు పాపం.

ఆదివారం హోటల్లో భోజనం ముందు కూర్చుని అడిగాడు. “మేడమ్, ఇక మనం ‘నువ్వు’ అనుకోవచ్చా?”

కుర్రతనంలో ఈ ప్రశ్న అడగడానికి మూడు నెలలు పట్టింది ఆయనకి. ఇప్పుడూ అరచేతులు అలాగే చెమర్చాయి.

“ఆలోచించాలి” అంది ఓదిల్. ఫెర్నాన్ ముఖం చూసి జాలేసింది కాబోలు, వెంటనే ఆయన చెయ్యి పట్టుకుంది. “అనుకుందాం. ఎన్నిసార్లు అడిగినా నిన్నే చేసుకుంటాను. ఇక తిను, చల్లారిపోతోంది.”

ఫెర్నాన్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. నా దెబ్బా మజాకానా అనుకుంటూ ఛాతీ విరుచుకున్నాడు. సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గర్నుంచి బార్నబే లేచి వచ్చాడు.

“హమ్మయ్య, మీసం దక్కింది! చూశావా ఓదిల్, నువ్వు నేర్పిన మాటలు ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పాను!”

ఫెర్నాన్ ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది. “నువ్వు నేర్పావా?”

“ఆరేళ్ళయింది నువ్వు నన్ను హోటలుకి తీసుకొచ్చి. ఎప్పుడడిగినా కొట్టు ఎవరు చూస్తారంటావు” అంది ఓదిల్.

“మరి ఆ ఆదివారం మాట?”

“చెల్లెలితో నేనే అడిగించాను.”

“మరి మీ అమ్మ?”

ఓదిల్ తల దించుకుంది. “అదొక్కటే నేను అనుకోనిది. నెలాఖరు దాకా ఉంటుందట.”

ఫెర్నాన్ బుర్ర గోక్కున్నాడు. తర్వాత మెడలో సిల్కు గుడ్డ సర్దుకున్నాడు.

“మేడమ్, రేపు మధ్యాహ్నం మీరు ఖాళీయేనా?”

“ఆలోచించాలి” అంది ఓదిల్, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.