బేస్ గిటార్ గరగర కేసు

"నేరం నా కంట పడకూడదంటే అసలు పుట్టనే కూడదురా," అని ప్రకటించాడు మా భూతద్దం, మా గడప తగిలి ముందుకు తూలుతూ.

భూతద్దం వాడి అసలు పేరు కాదు. జేబులో ఎప్పుడూ ఒకటి పెట్టుకు తిరుగుతాడు కాబట్టి అందరం అలా పిలుస్తాం. ఇంతవరకు దాంతో వాడు కనిపెట్టింది వాళ్లావిడ గడియారానికి పట్టిన తుప్పు ఒక్కటే. అదీ ఆవిడ చెప్పాకే.

నా ఏడుపు వేరు. నా బేస్ గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు, అంటే ఫ్రెట్లు, బాగా అరిగిపోయి తీగ కదిలిస్తే చాలు గరగరమంటున్నాయి. రిపేరు మాస్టారు వాటిని పీకేసి, ఇనప బద్దకు గరుకు కాగితం అంటించి చెక్కను చదునుగా రుద్ది, కొత్త ఫ్రెట్లు బిగించి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి వాయిస్తే మళ్లీ గరగర. తిరిగి పట్టుకెళ్తే అదే బద్దతో మళ్లీ మొదటినుంచీ చేశాడు. గరగర మాత్రం చెక్కు చెదరలేదు. ఇక చెక్కలోనే లోపం ఉందనీ, మెడ పారేయాల్సిందేననీ తేల్చేశాడు.

అటు మా బ్యాండు లీడరు ఆదివారం ప్రోగ్రాంలోగా గిటార్ బాగుపడకపోతే నా చోట తన బావమరిది వాయిస్తాడని చెప్పేశాడు. ఇన్నేళ్లుగా ఆ వెనక వరసలో నిలబడటం తప్ప నాకు ఇంకో సంతోషం లేదు. నాకు నిద్ర పట్టడం లేదు.

భూతద్దం అంతా విని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని కదిపాను.

"కుట్ర," అన్నాడు. "బావమరిది మాస్టారికి ముడుపులిచ్చాడు."

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరని చెప్పాను.

"అదేరా ఆధారం. అంత పట్టుదలగా కలుసుకోకుండా ఉన్నారంటే ఎంత పెద్ద కుట్రో ఆలోచించు."

ఆ రోజంతా బావమరిదిని రహస్యంగా వెంబడించాడు. సాయంత్రం ఆ బావమరిదే జాలిపడి వీడిని బండెక్కించుకొని ఇంటి దగ్గర దింపాడు. శత్రువు తనను మంచి చేసుకోబోయాడని భూతద్దం నాకు రిపోర్టు ఇచ్చాడు.

మర్నాడు నన్ను లాక్కొని మాస్టారి షాపు మీద పడ్డాడు. నేను వెనక నిలబడి కళ్లతోనే మాస్టారికి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. ఆయన మాత్రం ఎవరి గిటార్‌కో తీగలు బిగించుకుంటూ తలెత్తనైనా లేదు. భూతద్దం బల్ల మీది ఇనప బద్దను రుమాలుతో పట్టుకొని, దానికి అంటించిన గరుకు కాగితం పీకేసి, గాజు కౌంటర్ మీద పెట్టాడు.

"మాస్టారూ, ఇదే కదా ఆయుధం? ఇక నిజం ఒప్పుకోండి," అని కౌంటర్ మీద గట్టిగా గుద్దాడు.

బద్ద టకటకలాడింది.

"చూశారా, ఆయుధం కూడా వణికిపోతోంది."

మాస్టారు ఈసారి తలెత్తాడు. లేచి వచ్చి బద్ద ఒక కొన మీద వేలితో నొక్కాడు. రెండో కొన పైకి లేచింది. నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం. ఆయన మొహం పాలిపోయింది.

"షాపు మారినప్పుడు కింద పడిందండీ. ఏం కాలేదులే అనుకున్నా," అన్నాడు మెల్లిగా. "బద్దే వంకరైతే చెక్క చదునెలా అవుతుంది? ఖర్చు నాదే, మళ్లీ చేసిస్తాను."

కొత్త బద్దతో రుద్ది, ఫ్రెట్లు బిగించి, శనివారానికి ఇచ్చేశాడు. ఏ తీగ మీటినా గంట కొట్టినట్టు పలికింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయుధాన్ని చూడగానే పసిగట్టానని భూతద్దం వీధి వీధంతా చెప్పుకొచ్చాడు.

ఆ సాయంత్రమే రిహార్సల్. భూతద్దం కూడా నా వెంట వచ్చాడు. వాయించినంతసేపూ లీడరు తల వంచుకొని శ్రద్ధగా విన్నాడు. పాట అయ్యాక నా భుజం మీద చెయ్యేశాడు.

"ఇప్పుడు నువ్వు వాయించే ఒక్కొక్క స్వరమూ స్పష్టంగా వినపడుతోందిరా. నేనింతకాలం అనవసరంగా గిటార్‌ని అనుమానించాను."

ఆదివారం బావమరిది వాయిస్తాడన్నాడు.

భూతద్దం నన్ను తోసుకుంటూ ముందుకెళ్లి లీడరుతో చెయ్యి కలిపాడు. అసలు దోషిని అంత చప్పున పట్టుకోవడం తనవల్ల కూడా అయ్యేది కాదని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు.