పాదరక్షణ పరీక్షలో మా నాయన ఫెయిలైన వైనం

షుగరు జబ్బు ఉన్నవారు వట్టి కాళ్లతో ఒక్క అడుగు కూడా వేయరాదన్నది వైద్యశాస్త్రం తేల్చిన పరమసత్యం. ఆ సత్యాన్ని బోధించడానికి తిరుచానూరులో ఒక కల్యాణమండపం తీసుకున్నారు. లోపల అమ్మవారి పటం, దీపప్రజ్వలన ఉన్నందువల్ల చెప్పులు గేటు దగ్గరే విడిచి రావలెనని బోర్డు పెట్టారు. (నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. దీని భావం తొమ్మిదిలో చెబుతారేమో.)

మా నాయన మునస్వామి పూలు కట్టి అమ్ముతాడు. పోయినేడు కాల్లో గులాబీ ముల్లు దిగితే మూడు రోజులు ఆయనకు తెలియనే లేదు. ఇంకో పుండు పడితే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆయన కాళ్ల దిగులు నాకు పట్టుకుంది. అందుకే రెండేళ్ల నా కూతురు మహితను చంకనేసుకుని, ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లాను.

చెప్పులకు పందిరి వేసి, నీడలో వరుసగా పేర్చి, టోకెన్లు ఇచ్చారు. మనుషుల వరుస మాత్రం సిమెంటు నేల మీద. మే నెల, మధ్యాహ్నం పన్నెండు.

తోడు వచ్చినవాళ్లందరూ గంతులేస్తున్నారు. "అబ్బా, పెనం మీద దోసె మాదిరి అయిపోయినాయే నా కాళ్లు!" అని మా ముందున్న ఆనందమ్మ ఒంటికాలి మీద ఎగురుతోంది. ఆమె మొగుడూ, మా నాయనా, తక్కిన షుగరువాళ్లూ కదలకుండా నిలబడ్డారు.

పాదాల అవగాహనాధికారి గిరిప్రసాద్ గారు ముచ్చటపడి ఫోటో తీయించారు. "సూడండమ్మా, జబ్బున్నోళ్లు ఎంత క్రమశిక్షణగా ఉండారో! మీకేమొచ్చె?"

"నాయనా, నీకు కాలడం లేదా?" అన్నాను.

"ఏం లేదమ్మే. సల్లగానే ఉండాది."

చెయ్యి నొప్పి పుట్టి మహితను ఒక్క క్షణం కిందికి దించాను. అది పెట్టిన కేకకు వరుసంతా వెనక్కి తిరిగింది. మా నాయన తప్ప అందరూ నేలకేసి చూశారు.

లోపలికి చేరగానే ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాలు ఎత్తి చూశాను. అరికాల్లో రేగుపండంత బొబ్బలు రెండు. వేదిక మీద ఒక ప్లాస్టిక్ పాదాన్ని పట్టుగుడ్డ మీద పెట్టి, వేళ్ల సందుల్లో తడి ఒత్తుతున్నారు. (ఆ పాదానికి ఏ లోటూ రానివ్వలేదు.)

"సార్, మా నాయన కాలు బొబ్బలెక్కింది!"

"బొబ్బలు పదకొండో స్లైడమ్మా," అన్నారు గిరిప్రసాద్ గారు. "మనం ఇంకా మూడులో ఉండాం."

నర్సు నిస్సీ మాత్రం పరుగున వచ్చి శుభ్రమైన గుడ్డ చుట్టింది. "బొబ్బ పగలనీయొద్దక్కా. నడిపించొద్దు. ఇప్పుడే ఆస్పత్రికి పిల్చుకుపో."

అయితే బయటికి పోయేవాళ్లు పాదరక్షణ పరీక్ష పాసైతేనే టోకెన్ మీద ముద్ర, ముద్ర ఉంటేనే చెప్పులు. గిరిప్రసాద్ గారు పరీక్ష ప్రశ్నలున్న ఫోన్ తెరిచారు.

"కాళ్లలో నొప్పి ఉందా?"

"లేదు సార్."

పచ్చదీపం వెలిగింది. పాదాలు సంపూర్ణ ఆరోగ్యం.

"ఎండలో వట్టి కాళ్లతో నిలబడవచ్చునా?"

"నిలబడొచ్చు సార్. ఇప్పుడే గంటసేపు నిలబడినాను గదా, మీరే మెచ్చుకుంటిరి."

ఎర్రదీపం. ఫెయిలు. చెప్పులు పందిరి కిందే ఉండిపోయాయి.

ఆనందమ్మా నేనూ ఆయన్ను కుర్చీతో సహా ఆటో దాకా మోశాం. మహితను నిస్సీ ఎత్తుకుంది. (కుర్చీ మండపం వాళ్లది. ఇంకా మా ఇంట్లోనే ఉంది.)

"ఈ పూటే తెచ్చినారు కాబట్టి సరిపోయె," అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. "రెండు రోజులు ఆగుంటే వేలు కాదు, పాదమే పొయ్యుండేది." కట్టు కట్టి, మూడు వారాలు కాలు నేలకు ఆనించకూడదన్నాడు.

ఇంటికి చేరేసరికి ఫోన్‌కు సందేశం వచ్చి ఉంది:

"మునస్వామి గారూ, పాదరక్షణ పరీక్షలో మీరు ఉత్తీర్ణులు కానందున వచ్చే గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు తిరిగి హాజరు కావలెను. కాలికి కట్టు ఉన్నవారు దానిని గేటు దగ్గర విప్పి, టోకెన్ పొందవలెను."