తన మాట తానే వినే యంత్రం

గత నెలలో అలెగ్జాండ్రియాలోని మా మందుల మంజూరు కార్యాలయంలో వరసగా పన్నెండు రోజులు ఒక్క లోపం కూడా జరగలేదు. ఇందులో మనుషుల ప్రయోజకత్వం ఏమీ లేదని సవినయంగా మనవి.

మా దగ్గర రోజూ పొద్దున్నే శాఖాధికారులంతా డైరెక్టరు రిఫ్‌అత్ బే ముందు నిలబడి "తమామ్" అంటారు. అంతా సవ్యమని అర్థం. వేరే ఏమన్నా అనడం మర్యాద కాదు. ఈ మర్యాద కంప్యూటర్లకూ అలవడాలని డేటా కలెక్టర్ అనే ప్రోగ్రాం పెట్టించారు. ఆఫీసులోని ఆరు కంప్యూటర్లూ తమ పనుల చిట్టాలు, కొలతలు, ఒక్కో అర్జీ నడిచిన జాడ దానికి పంపాలి.

ఇంజనీరు షాహీనాజ్ దాన్ని అమర్చింది. ఎవరి మాట వినాలో రాసే వరసలో ముందే ఉన్న చిరునామాను అలాగే వదిలేసింది. అది ఆ ప్రోగ్రాం సొంత చిరునామా. అందుచేత అది పన్నెండు రోజులూ తన మాట తానే విని, తాను క్షేమమని తనకే తెలుపుకుని, తెరంతా పచ్చగా ఉంచింది.

"సోదరులారా! ఇరవై ఏళ్లుగా ఇలాంటి ఉద్యోగి కోసమే ఎదురు చూశాను" అన్నారు రిఫ్‌అత్ బే, సన్మాన సభలో. డేటా కలెక్టర్‌కు ప్రశంసాపత్రం ఇచ్చి, అందరికీ బస్‌బూసా మిఠాయి పంచారు. ఆ పళ్లెం తిప్పిన మా ఆఫీసు టీ నౌకరు బషందీ మాత్రం తినలేదు. ఆయనకు చక్కెర జబ్బు. ఇన్సులిన్ అర్జీ పెట్టి పదకొండు రోజులైంది.

"ఏమ్మా ఇంజనీరమ్మా, నీ మిషను అన్నీ చూస్తుందంటగా. నా కాగితం మీద కూడా ఓ కన్నెయ్యమను" అన్నాడు బషందీ, షాహీనాజ్‌తో.

"చూశా బాబాయ్. అసలు నీ కాగితం వచ్చినట్టే లేదు."

"నేనొచ్చినట్టైనా ఉందా? ఇరవయ్యారేళ్లుగా టీ పోస్తున్నా!"

షాహీనాజ్ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఆ వరస మళ్లీ చదివింది. చిరునామా మార్చి, కంప్యూటర్లన్నిటి మాటా వినమంది.

గంటలో నాలుగు వేల లోపాలు వచ్చిపడ్డాయి. బషందీ అర్జీ జాడ కూడా దొరికింది. మూడు కంప్యూటర్లు దాటి, డిస్కు నిండిపోయిన నాలుగోదాని గుమ్మంలో కూర్చుని ఉంది.

"పొద్దుటిదాకా బంగారంలా ఉందిగదమ్మా! ఏం చేశావు దాన్ని?" అన్నారు రిఫ్‌అత్ బే.

"అందరి మాటా వినమన్నాను, బేగారూ."

"నిన్నెవరు వినమన్నారు?"

ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. సిబ్బంది సంక్షేమాధికారిగా నేనూ ఒకణ్ణి. చిరునామా మార్చిన క్షణం నుంచే లోపాలు మొదలయ్యాయి కనుక, మార్పే లోపాలకు కారణమని ఏకగ్రీవంగా తేల్చాం. పాత చిరునామా తిరిగి పెట్టించాం. తెర పచ్చబడింది. నాలుగో కంప్యూటర్‌ను ఖాళీ చేయాలంటే ముందు తెర మీద లోపం కనిపించాలి. కనిపించలేదు.

మర్నాడు బషందీ నా గదికి టీ తెచ్చాడు. కాలి పుండుకు వేసిన కట్టు పట్టేందుకు ఎడమ చెప్పు ముందు భాగం కోసేశాడు.

"ఎలా ఉన్నావు, బషందీ?"

ఆయన టీ గ్లాసు నా ముందు పెట్టాడు.

"తమామ్, సార్."

నాకు ప్రాణం తేలికపడింది. ఆ తేలికను ఎంత తరచి చూసుకున్నా సిగ్గు ఎక్కడా తగల్లేదు.

మీరు అలాంటివారు కారని నాకు తెలుసు. ఇవాళ పొద్దున ఇంట్లో ఎవరినో "బాగున్నావా?" అని అడిగి, వాళ్లు నోరు తెరిచేలోపే "సంతోషం" అన్నది మీరై ఉండరు.