మా లైనులో గురక ఉపసంఘం

గురక మనిషి సొంత వ్యవహారమని నమ్మేవాళ్లందరూ విడి ఇళ్లలో ఉంటారు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, మా లైనులో, అది పరిపాలనకు సంబంధించిన అంశం. ఒకప్పుడు గని పనివాళ్ల కోసం కట్టిన ఈ ఇళ్లన్నిటిదీ ఒకే వరస, ఒకే రేకుల కప్పు. మధ్య గోడలు కప్పు దాకా వెళ్లవు. మా ఇంట్లో తిరగమోత వేస్తే నాలుగో ఇంట్లో తుమ్ముతారు (తుమ్మాక, ఈ పూట ఏం సారు కాచినావని కూడా అడుగుతారు; చారుకూ పులుసుకూ ఇక్కడ అదే పేరు).

ఈ వ్యవస్థలోకి నేను కొత్తగా పెళ్లి చేసుకుని వచ్చాను. మా ఆయన మునేష్ కోలార్ దగ్గరి నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీలో పని చేస్తారు. కంపెనీ బస్సు దిగి, ఆలస్యంగా రెండు రాగిముద్దలు తిని, వెల్లకిలా పడుకోగానే గురక మొదలవుతుంది. నాకది భలే ముద్దుగా ఉంటుంది. పక్కన మనిషి ఉన్నాడని, ఎక్కడికీ పోలేదని రాత్రంతా హామీ ఇస్తున్నట్టు ఉంటుంది. ఆ సంతోషం పట్టలేక మాలూరులో ఉన్న మా అక్క సుమకు ఫోన్ చేసి, "అక్కా, ఈయన గురక పెడితే రేకులు అదురుతాయే" అని చెప్పుకుని నవ్వుకున్నాను.

మర్నాడు సాయంత్రం లైను సంక్షేమ సంఘం అధ్యక్షుడు వెంకటరామప్ప, కార్యదర్శి గంగప్ప మా గడప ముందు నిలబడ్డారు.

"నీ కంప్లైంటు అందిందమ్మా మంజుశ్రీ" అన్నాడు వెంకటరామప్ప.

"నేనేం కంప్లైంటు ఇయ్యలేదే, తాతా."

"మీ అక్కకు చెప్తా ఉంటే చెన్నమ్మ విన్నాది. సంఘం మెంబరు చెవిన పడితే ఇచ్చినట్టే."

గోడ అవతలి నుంచి చెన్నమ్మవ్వ గొంతు వినబడింది. "రేకులు అదురుతాయన్న మాట గూడా చెప్పప్పా. అది మరిస్తే ఎట్ల?"

ఆ మాటే కేసును బలపరిచింది. గనులు నడిచిన రోజుల్లో భూమి లోపల బండ పగిలితే పైన ఇళ్లు అదిరేవి. దాన్ని ఇక్కడ ఎయిర్‌బ్లాస్ట్ అంటారు. గనులు మూసి ఎన్నేళ్లయినా, రేకులు అదిరితే ఏం చేయాలన్న నియమం సంఘం దగ్గర అలాగే ఉంది. అదిరించేదాన్ని జనావాసం నుంచి వేరు చేయాలి. అంటే, గురక పోయేదాకా మా ఆయన లైను చివరున్న భజన హాల్లో పడుకోవాలి.

"కంప్లైంటు వాపసు తీసుకుంటాను" అన్నాను.

"నోటితో చెప్తే చెల్లదు" అన్నాడు గంగప్ప. (ఇచ్చింది మాత్రం నోటితోనే చెల్లింది.) "మేమిద్దరం ఉపసంఘంగా తనిఖీకి వస్తాము. ఇంట్లో గురక వినబడకుంటే కేసు కొట్టేస్తాము."

కారణం తేల్చడానికి వెంకటరామప్ప తన పాత గని దీపం వెలుగును మా ఆయన నోట్లోకి కొట్టి చూశాడు. ఈ తాత సర్వీసంతా గని సొరంగాల్లో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టిన మనిషి.

"కప్పు కిందికి జారతా ఉండాది. గాలికి దారి ఇరుకు. ఒక చిన్న దుంగ నిలబెడితే సరిపోతాది."

"నోట్లోనా తాతా?" అన్నారు మా ఆయన, నోరు మూయకుండానే.

దుంగ కొలత తీసుకోకముందే మా ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. విచిత్రం, డాక్టరు కూడా దాదాపు అదే చెప్పింది. నిద్రలో గొంతు కండలు వదులవుతాయి, వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారుతుంది, ఆ ఇరుకులో గాలి దూరి కండల్ని అదిరిస్తుంది. మధ్యలో ఊపిరి ఆగుతోందా, పగలు తూగుతున్నారా అని అడిగింది. అలాంటివి ఉంటే పరీక్షలు చేయించాలట. మాకు లేవు. అయితే పక్కకు తిరిగి పడుకోవాలి, తల కాస్త ఎత్తు పెట్టాలి, పడుకునే ముందు కడుపు నిండా తినకూడదు, మందు ముట్టకూడదు, ఒళ్లు కొంచెం తగ్గాలి అంది. దుంగ ప్రస్తావన రాలేదు.

నేను ఆయన బనియన్ వీపుకు జేబు కుట్టి అందులో టెన్నిస్ బంతి పెట్టాను. వెల్లకిలా తిరిగితే బంతి గుచ్చుకుని, మళ్లీ నా వైపే తిరిగేవారు. (వైద్యశాస్త్రంలో ఇంత ముచ్చటైన విభాగం ఉందని నాకు తెలియదు.) ఒక ముద్ద తగ్గించాను, భోజనం ముందుకు జరిపాను. వారం తిరిగేసరికి గురక పిల్లి గుర్రు స్థాయికి దిగి, తర్వాత అదీ పోయింది.

తనిఖీ వారంలో ఆయనకు రాత్రి షిఫ్టు పడింది. నిద్ర పగలు కాబట్టి తనిఖీ కూడా పగలే. ఉపసంఘానికి భోజనం పెట్టడం నియమమట. ముద్ద, అనపగింజలు వేసి కాచిన అవరేకాయ సారు వడ్డించాను. గంగప్ప మూడోసారి సారు పోయించుకుని, "న్యాయం జేసే పని, బలం ఉండల్ల" అన్నాడు. తర్వాత ఇద్దరూ గాలి కోసం మా వసారాలో వెల్లకిలా వాలి, చెవులు లోపలికి పెట్టారు.

లోపల ఆయన పక్కకు తిరిగి, చప్పుడు లేకుండా నిద్రపోతున్నారు. వసారాలో రేకులు అదిరాయి.

ఆయన ఉలిక్కిపడి లేచి, "నేనేనా?" అన్నారు.

"మీరు కాదు, పడుకోండి. న్యాయం జరుగుతోంది."

గోడ అవతలి నుంచి చెన్నమ్మవ్వ గట్టిగా పలికింది. "విన్నానమ్మా, బాగా వినబడింది. నేను సాక్షి."

మేలుకున్నాక వెంకటరామప్ప తీర్పు చెప్పాడు. ఈ ఇంట్లో గురక ఉన్నట్టు రుజువైంది.

"తాతా, అది మీ ఇద్దరిదీ."

"ఎవురిదని రూల్లో యాడుండాదమ్మా? ఇంట్లో వినబడిందా లేదా, అంతే. ఇంగ వసారా గూడా ఇంట్లోదే గదా."

ఆదివారం మా ఆయన చాప చుట్టుకుని, బంతి ఉన్న బనియన్‌తో భజన హాలుకు వెళ్లారు. అదే రోజు, ధైర్యంగా ముందుకొచ్చిన ఫిర్యాదుదారుగా సంఘం నాకు శాలువా కప్పింది. దాన్ని మడిచి దిండు కింద పెట్టుకోమని ఆయనకు పంపాను. తల ఎత్తుగా ఉండాలి కదా.

ఇప్పుడు మా ఇల్లు లైనులోకెల్లా నిశ్శబ్దమైన ఇల్లు. ఈ నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టడం లేదు. అక్కకు చెప్పుకుందామని ఫోన్ తీసి, గోడ పైనున్న సందును చూసి, మళ్లీ పెట్టేశాను.