మా ఎంపీగారి అరచెయ్యి

మా ఎంపీగారు పార్లమెంటులో ఒక్కసారి కూడా నోరు విప్పలేదని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. ఇది శుద్ధ అభాండం. ఆవలించడానికి ఆయన చాలాసార్లు విప్పారు. కాకపోతే దేవుడు ఆయన ప్రతిభను నోట్లో కాకుండా కుడి అరచేతిలో పెట్టాడు.

సభలో నాయకుడు మాట్లాడితే సొంతపక్షం వాళ్లు బల్లలు చరచడం ఆనవాయితీ. మొదటి సమావేశాల్లోనే మా ఎంపీగారి చరుపు విని అధినేత ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశారు. అంతే, వెనక వరుసలోని మనిషి ముందు వరుసకు వచ్చేశారు. ఇకపై ఆయన చెయ్యి పడ్డాకే మిగతావాళ్లు అందుకోవాలని పార్టీ తీర్మానించింది.

ఇంట్లో సాధన భోజనాల బల్ల మీద సాగేది.

"కంచాలు ఎగిరిపడుతున్నాయి. ఆ దేశసేవేదో తిన్నాక చేసుకోకూడదూ?" అని భార్య విసుక్కునేది. గొప్పవాళ్ల ఇళ్లలో ఇలాంటివి మామూలే.

పోనుపోను ఆయన నిద్రలో సైతం విధులు నిర్వర్తించే స్థాయికి ఎదిగారు. ఎవరి గొంతైనా పైకి లేచి ఠక్కున ఆగితే చాలు, చెయ్యి దానంతటదే బల్లమీద పడేది. మనిషిని లేపాల్సిన పనే లేదు.

కొంప మునిగింది అక్కడే. ఒకరోజు ఎదుటిపక్షం టీచరమ్మ లేచింది. రాజకీయాల్లోకి రాకముందు బడిలో పాఠాలు చెప్పేది కాబట్టి ఆవిడకా పేరు.

"ఈయనగారి నియోజకవర్గంలో వాగు మీద వంతెన కూలి ఏళ్లయింది. జనం మొలలోతు నీళ్లలో నడుస్తున్నారు. ఇది ఈ ప్రభుత్వానికి సిగ్గుచేటు!" అని గొంతు పెంచి ఆపింది.

మా ఎంపీగారి చెయ్యి పడింది. సొంతపక్షమంతా అందుకుంది. మంత్రులు మరీ గట్టిగా చరిచారు. అలవాటు కొద్దీ అధినేత లేచి, వంగి అభివాదం కూడా చేశారు. ప్రభుత్వం సిగ్గుపడాలన్న మాటకు ప్రభుత్వమే ఇంతగా హర్షించాక, వంతెన మంజూరు చెయ్యక తప్పలేదు.

"వచ్చే ఎన్నికల్లో నీకు టికెట్ లేదు, పో!" అన్నారు అధినేత, గదిలోకి పిలిచి.

ఎంపీగారు బావురుమన్నారు. చరచడం తప్ప వేరే విద్య రాని మనిషి, టికెట్ లేకపోతే ఏమైపోవాలి? చెప్పొద్దూ, మాకు కడుపు తరుక్కుపోయింది. వంతెన తెచ్చిన మహానుభావుడికి అన్యాయం చేస్తే ఊరుకోమని రోడ్డెక్కాం. అధినేత దిగొచ్చారు. టికెట్ ఆయనకే దక్కింది.

పోలింగు నాటికి వాగు మీద వంతెన లేదు గానీ గట్టుమీద శంకుస్థాపన రాయి మాత్రం ఉంది. మేం మొలలోతు నీళ్లు దాటుకుని ఓటెయ్యడానికి వెళ్తుంటే, ఈసారి మా దగ్గరే ఆయనమీద పోటీకి దిగిన టీచరమ్మ ఎదురైంది.

"ఆ వంతెన గురించి సభలో అడిగింది నేనండీ!" అంది, ఏడుపొక్కటే తక్కువగా.

తడిసిన బట్టలు పిండుకుంటూ మా పెదనాన్న ఆవిడకేసి జాలిగా చూశాడు.

"అడగడానికేముంది తల్లీ, ఎవరైనా అడుగుతారు. బల్ల చరిచింది మావాడు కదా!"