రిపోర్టు ప్రకారం మా వదినకు దురద లేదు

తన ఒంట్లో బాగుందో లేదో చెప్పే అధికారం మనిషికి లేకుండా చేయడం నాగరికత సాధించిన ఘనవిజయాల్లో ఒకటి. పూర్వం ఎవరికి వారే "నాకు నలతగా ఉంది" అని ఇష్టమొచ్చినట్టు ప్రకటించుకునేవారు. సాక్ష్యం లేదు, సంతకం లేదు, ముద్ర లేదు. ఇప్పుడా అరాచకం పోయింది. రిపోర్టు చెప్తుంది, మనం వింటాం. (రిపోర్టు రావడానికి నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా మనం ఎలా ఉన్నామో మనకు కూడా తెలియనట్టు ఉండడం మర్యాద.)

ఈ మర్యాద ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళలో మా వదిన ఒకరు.

మా వదిన బస్‌స్టేషన్‌లో అనౌన్సరు. పంతొమ్మిదేళ్ళుగా అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చదువుతోంది. ఆ గొంతులో తొందర ఉండదు, విసుగు ఉండదు. బస్సు రెండు గంటలు ఆలస్యమని ఆవిడ చెప్తే జనం తిట్టుకోకుండా మళ్ళీ కూర్చునేవారు. తప్పిపోయిన పిల్లలు ఆ గొంతులో తమ పేరు వినగానే ఏడుపు ఆపేవారు.

నిరుడు ఆ గొంతు బొంగురుపోయింది. బొంగురుతో ఆగక మాట కూడా నెమ్మదించింది. "మూడవ నంబరు ప్లాట్‌ఫారం నుండి బయలుదేరుటకు సిద్ధముగా" అనేసరికి బస్సు గేటు దాటి మలుపు తిరిగిపోయేది. కాళ్ళు వాచాయి. జుట్టు సగం దువ్వెనకు రాసిచ్చేసింది. అందరూ ఫ్యాను కోసం కొట్టుకునే గదిలో ఈవిడ ఒక్కతే శాలువా కప్పుకుని కూర్చునేది.

ఆసుపత్రిలో పరీక్షలు చేశారు. థైరాయిడ్ అన్నారు. అందులోనూ మామూలుది కాదట.

"మీ ఒంట్లో కాపలా కాసే సైన్యం ఉంటుందమ్మా. అది మీ గొంతులో ఉన్న గ్రంథినే శత్రువనుకుని కొడుతోంది," అన్నారు డాక్టరు గారు.

"అంటే మా ఆఫీసులో లాగానేనన్నమాట," అంది వదిన.

డాక్టరు గారు నవ్వలేదు. ఒక్కో రోగికి నాలుగు నిమిషాలు. అందులో మూడు కంప్యూటరుకి చెందుతాయి. మిగిలిన నిమిషంలో నవ్వితే తర్వాతి రోగికి అన్యాయం. ఆయన చెడ్డవారు కారు. చెడ్డవారైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది.

మాత్ర రాశారు. తెల్లది, చిన్నది, శక్తి యాభై. పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి. వదిన వేసుకుంది. రెండు నెలల్లో గొంతు ముప్పాతిక వంతు తిరిగొచ్చింది. బస్సు కదలకముందే వాక్యం పూర్తవడం మొదలైంది. మిగతా పాతిక కోసం డాక్టరు గారు మాత్రను వంద చేశారు. వంద శక్తి మాత్ర పసుపు రంగులో ఉంటుంది.

అయిదో రోజున వదిన మెడ మీద దద్దుర్లు లేచాయి. వారం తిరిగేసరికి చేతులూ వీపూ ఎర్రగా కందిపోయాయి. పొట్ట ఉబ్బరం. దురదతో నిద్ర లేదు, నిద్ర లేక నీరసం, నీరసంతో గొంతు మళ్ళీ మొదటికొచ్చింది. అనౌన్సుమెంటు మధ్యలో గోక్కుంటే ఆ చప్పుడు పన్నెండు ప్లాట్‌ఫారాలకూ వినపడేది.

వదిన ఆసుపత్రికి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. (అన్నయ్యకు ఆసుపత్రి వాసన పడదు. ఆయన ఇంటి దగ్గర ఉండి ధైర్యం చెప్తాడు.)

డాక్టరు గారు స్క్రీను చూశారు. "నార్మల్. అన్నీ చక్కగా నార్మల్."

"దద్దుర్లు, డాక్టరు గారూ," అని వదిన చెయ్యి చాపింది.

ఆయన చెయ్యి చూశారు. మళ్ళీ స్క్రీను చూశారు. రెండింట్లో ఏది నమ్మాలో ఆయనకు చదువుకునే రోజుల్లోనే నేర్పారు. "థైరాయిడ్ నార్మల్‌గా ఉంది కాబట్టి ఇది థైరాయిడ్‌ది కాదు. చర్మం విభాగానికి వెళ్ళండి."

చర్మం విభాగం వారు దురదకు మాత్ర రాశారు. అదీ పసుపు రంగే. అది వేసుకున్నాక అంతవరకు దురద లేని చోట్ల కూడా వచ్చింది. చర్మం వారు ఆ మాత్ర ఆపించి పొట్ట విభాగానికి పంపారు. ఉబ్బరం తమ పరిధిలోదే కానీ దానితోపాటు నిద్రలేమి ఉన్నందువల్ల తమది కాదని పొట్ట వారు మనసు విభాగానికి పంపారు.

మనసు విభాగం ఆయన ఆప్యాయంగా అడిగారు. "ఏం పని చేస్తారమ్మా?"

"బస్‌స్టేషన్‌లో అనౌన్సర్నండి."

"అదీ కారణం," అన్నారాయన, రాసుకుంటూ. "మీరెప్పుడూ ఎవరో ఒకర్ని పంపించేస్తూ ఉంటారు."

ఇంటికొచ్చి వదిన ఆసుపత్రి వారి 'ఆరోగ్య సహచరి' యాప్‌లో ఫిర్యాదు పెట్టబోయింది. మీ ఇబ్బంది ఎవరి వల్ల అని అడిగి యాప్ నాలుగు జవాబులు చూపించింది: డాక్టరు వల్ల, సిబ్బంది వల్ల, తోటి రోగుల వల్ల, కుర్చీల వల్ల. మందు వల్ల అనేది లేదు. వదిన ఎవరినీ నొప్పించే మనిషి కాదు. కుర్చీల వల్ల అని నొక్కింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి వడ్రంగి ఫోన్ చేశాడు. "ఏ కుర్చీ అమ్మా? ఎక్కడ గుచ్చుకుంది?"

"కుర్చీ కాదు బాబూ, మాత్ర."

వడ్రంగి కాసేపు ఆలోచించాడు. "మాత్ర నా దగ్గరికి రాదమ్మా. కుర్చీ అయితే సాయంత్రానికి చేసిచ్చేసేవాణ్ణి."

ఆ ఆసుపత్రి మొత్తంలో వదిన చెప్పింది చివరిదాకా విన్న మొదటి మనిషి అతనే.

చివరికి మేం లక్షణాల ధ్రువీకరణ విభాగానికి చేరాం. అది మెట్ల కింద గది. లక్షణాల ధ్రువీకరణ అధికారిణి ముందు ఒక రిజిస్టరు, ఒక ముద్ర, ఒక టేబుల్ ఫ్యాను ఉన్నాయి. ఫ్యాను ఆవిడ వైపుకే తిరిగి ఉంది.

"మాత్ర పడటం లేదని దరఖాస్తా? దురద మాత్ర వల్లేనని మీకెలా తెలుసు?"

"మాత్ర మారిన అయిదో రోజు నుంచే మొదలైందండి."

"అది తేదీ. కారణం కాదు."

"పోనీ, కొన్నాళ్ళు మానేసి చూడనా?"

"మానేస్తే మీరు మందు వాడే రోగి కారు. మందు వాడనివాళ్ళు మందు మీద ఫిర్యాదు చేయడానికి నిబంధన ఒప్పుకోదు," అంది అధికారిణి. తర్వాత గొంతు తగ్గించి, "నేనూ ఆ పసుపుదే వేసుకుంటానమ్మా," అంటూ మోచేయి గోక్కుంది.

వదిన ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేసింది.

రెండు వారాల్లో దద్దుర్లు మాయమయ్యాయి. హాయిగా నిద్రపట్టింది. ఇంకో నెలకు ఆ నిద్ర పగలు కూడా పట్టడం మొదలుపెట్టింది. మొహం ఉబ్బింది, చలి తిరిగొచ్చింది, మాట నాలుక మీద జిగురులా అతుక్కుంది. అప్పుడు జరిగింది ఆ సంగతి.

ఒక మధ్యాహ్నం ఆఖరి నిమిషంలో ఒక బస్సు ప్లాట్‌ఫారం మారింది. నాలుగు కాదు, తొమ్మిది అని చెప్పాలి. వదిన "నాలుగవ నంబరు ప్లాట్‌ఫారం..." అని మొదలుపెట్టి, "...కాదు" అనే మాట దగ్గరికి చేరేలోపు జనం నాలుగో దాంట్లో ఉన్న బస్సెక్కేశారు. అందులో ఒక పెద్దావిడ కూతురి పురుడుకు వెళ్తోంది. ఆవిడను తీసుకుని బస్సు ఇంకో దిక్కుకు వెళ్ళిపోయింది. ఆవిడ వెతుక్కుంటూ వెనక్కొచ్చి, మళ్ళీ బయల్దేరి వెళ్ళేసరికి మనవరాలు పుట్టి ఒక పూటయింది. పురిటినొప్పుల్లో కూతురు అమ్మ కోసం అడుగుతూనే ఉందట.

ఈ సంగతి ఆ పెద్దావిడే తిరుగు ప్రయాణంలో అద్దాల గది కిటికీ దగ్గర నిలబడి చెప్పింది. తిట్టలేదు. చెప్పి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని వదిన నాతో అంది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి మైకు ఆపి ఏడ్చానంది.

స్టేషన్ మేనేజరు మెమో ఇచ్చాడు. వదినను మైకు నుంచి తప్పించి, పోయిన వస్తువుల గదికి మార్చారు. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. గొడుగులు ఉంటాయి.

అప్పటికి గాని వదిన మాత్ర మానేసిన సంగతి చెప్పలేదు. అన్నయ్య కేకలేశాడు. నేను పట్టుబట్టి మళ్ళీ పరీక్ష చేయించాను. ఈసారి రిపోర్టులో అన్ని గడులూ ఎర్రగా ఉన్నాయి.

డాక్టరు గారి మొహం వికసించింది. "చూశారా! ఇప్పుడు మీకు బాగాలేదు. ఇలా వస్తే నేను వైద్యం చేయగలను."

"మాత్ర మానేస్తే దురద పోయిందండి," అంది వదిన, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "అంటే ఆ మాత్ర వల్లే కదండీ?"

"ఆ మందు మన ఒంట్లో ఉండే పదార్థమేనమ్మా. మన ఒంటికి మన ఒంట్లోదే ఎందుకు పడదు?" అన్నారాయన.

ఈ ప్రశ్న అడిగింది తన ఒంటికి తన గ్రంథే పడని జబ్బుతో వచ్చిన మనిషిని. నాలుగో నిమిషం అయిపోయింది. చీటీలో మళ్ళీ పసుపు మాత్రే వచ్చింది.

మందుల కిటికీ దగ్గర ఫార్మసిస్టు పసుపు మాత్రల అట్ట ముందుకు తోసింది. వదిన అందుకోలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏంటక్కా? ఏమైంది?" అంది ఫార్మసిస్టు. యాభై ఏళ్ళ మనిషి. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. వెనక క్యూ కదలమని గొణిగింది. ఆవిడ క్యూ వైపు ఒక్క చూపు చూసింది. గొణుగుడు ఆగింది.

వదిన చెప్పింది. చాలాసేపు పట్టింది. ఫార్మసిస్టు మధ్యలో అడ్డు రాకుండా వింది. డబ్బాలోంచి మడతపెట్టిన కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని చీమ తలకాయలంత అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇదిగో చూడక్కా. మాత్రలో అసలు మందు సూది మొన మీద నిలిచేంతే. మిగతాదంతా అది నిలబడ్డానికి వేసే పిండీ, జిగురూ, రంగూ. తెల్లదాన్లో రంగు లేదు. పసుపుదాన్లో ఉంది. కొందరికి ఆ రంగు పడదు. దురద మాత్ర వేసుకుంటే ఎక్కువైందన్నావు కదా, అది కూడా పసుపేగా?"

"మరి నాకు మందు పడనట్టా?"

"మందుతో నీకు పేచీ లేదు. దాని చొక్కాతోనే. అంతేగాని మందు మానకూడదు. మానితే ఏమైందో చూశావుగా."

"అయితే తెల్లవి రెండు వేసుకుంటే వంద అవుతుంది కదా?" అన్నాను నేను, లెక్కల్లో ఆరితేరినవాడిలా.

"అవుతుంది. కానీ చీటీలో వందది ఒకటి అని ఉంది. యాభైవి రెండు ఇవ్వాలంటే చికిత్స మార్పు కింద వస్తుంది. దానికి లక్షణాల ధ్రువీకరణ కావాలి."

మేమిద్దరం ఆ మెట్ల కింద గదిని తలుచుకున్నాం.

ఫార్మసిస్టు కాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. తర్వాత పసుపు మాత్రల అట్ట వెనక్కి లాక్కుని, చీటీ మీద ముద్ర కొట్టింది. 'స్టాక్ లేదు.' ఆవిడ భుజం వెనక పసుపు డబ్బాలు గోడలా పేర్చి ఉన్నాయి.

"స్టాక్ లేనప్పుడు అదే మందు, అదే మోతాదు, వేరే సైజులో ఇవ్వొచ్చు. దానికి ఎవరి సంతకం అక్కర్లేదు," అంది. "రోజూ తెల్లవి రెండూ కలిపి ఒకేసారి వేసుకో అక్కా. దద్దుర్లు మళ్ళీ వస్తే నా దగ్గరికి రా. ఆరు వారాలకు పరీక్ష చేయించుకో."

(మందు పడలేదంటే ఒప్పుకోని ఆసుపత్రి, మందు లేదంటే వెంటనే ఒప్పుకుంది. లేకపోవడం అనేది ఆఫీసులకు అర్థమయ్యే భాష.)

దద్దుర్లు రాలేదు. పదిహేను రోజులకు వదిన శాలువా మడతపెట్టి లోపల పెట్టింది. రెండు నెలలకు మేనేజరు వదినను పిలిచి, ఒక పేపరు చదివించి చూసి, మైకు దగ్గరికి పంపాడు. ఆ రోజు నాకు ఊరెళ్ళే పనేమీ లేదు. అయినా వెళ్ళి ఆరో ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. అన్నయ్య అప్పటికే అక్కడ ఉన్నాడు, చేతిలో పేపరు తిరగేసి పట్టుకుని. స్పీకరు గురగురమంది. తర్వాత ఆ గొంతు వచ్చింది. రావలసిన బస్సు నలభై నిమిషాలు ఆలస్యమని చెప్పింది. అన్నయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను బస్సులు చూశాను.

తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్తే రిపోర్టు నార్మల్ వచ్చింది. వదిన పూసగుచ్చినట్టు చెప్పబోయింది: రంగు పడలేదనీ, తెల్లవి రెండు వేసుకుంటున్నాననీ. డాక్టరు గారు స్క్రీనులో తాను రాసిన చీటీ చూసుకుని తృప్తిగా తలూపారు.

"నేను చెప్పలేదూ? ఓపిక పడితే పసుపు మాత్రే పనిచేస్తుంది."

ఫార్మసిస్టు ఆ తర్వాత ఇంకో పదకొండుమంది చీటీల మీద అదే ముద్ర కొట్టిందట. అందులో ఒకటి లక్షణాల ధ్రువీకరణ అధికారిణిది. అందరికీ తగ్గింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చేయడానికి యాప్‌లో గడి లేదు.

కానీ ఆసుపత్రికి కొనుగోళ్ళ సంఘం అని ఒకటి ఉంది. ఏడాది చివర్లో వారు కూర్చుని రికార్డులు తిరగేశారు. పసుపు మాత్ర మీద ఫిర్యాదులు సున్నా అని గమనించారు. అది మాటిమాటికీ స్టాక్ అయిపోతోందని కూడా గమనించారు. రోగుల్లో దానికున్న ఆదరణకు ముగ్ధులై మూడింతలు తెప్పించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అన్ని డబ్బాలకు అలమరలో చోటు చాలదు కనుక తెల్ల మాత్ర తెప్పించడం ఆపేశారు. ఇంతటి గిరాకీని తట్టుకుని నిలబడినందుకు ఫార్మసిస్టుకు శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు.

వచ్చే సోమవారం వదిన మందులకు వెళ్ళాలి. రోగులు ఆందోళన చెందనక్కర్లేదని, పసుపు మాత్రకు ఇకమీదట ఎన్నడూ కొరత రాదని మందుల కిటికీ మీద నోటీసు అంటించారు.