తవిటమ్మ నాడి

కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఢిల్లేశ్వరి తన నాడి ఇంట్లో వదిలేసి, తవిటమ్మ నాడి కట్టుకుని ఫ్యాక్టరీ గేటు దాటింది.

పలాస అవతల ఉన్న ఆ జీడిపిక్కల ఫ్యాక్టరీలో నలభై రెండు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. పిక్కల్లోంచి కారే జీడిసొన కాల్చి కాల్చి వాళ్ళ వేళ్ళ మీద గీతలు పోయాయి. గేటు దగ్గర పెట్టిన వేలిముద్రల మిషన్ వాళ్ళలో ఒక్కరినీ గుర్తుపట్టలేదు. అదే ఏడు ఓనరు చైనా నుంచి పిక్కలు కొట్టే యంత్రం తెప్పిస్తే, దాంతోపాటు అక్కడి వైద్యుల నాడి పటం ఒకటి వచ్చింది. మణికట్టు మీద మూడు చోట్లు, ఒక్కో చోట పైన, మధ్యన, లోతున మూడు నొక్కులు, మొత్తం ఇరవై ఎనిమిది రకాల నాడులు. టైమ్‌కీపర్ కూర్మినాయుడు మూడు నెలలు కూర్చుని నేర్చుకుని, వేలిముద్రకి బదులు గేటు దగ్గర నాడి చూడసాగాడు. చైనాలో ఈ విద్యని రోగం కనిపెట్టడానికి వాడతారు. ఫ్యాక్టరీలో రోగాలకి ఏర్పాటేమీ లేదు కనుక ఆ భాగం వదిలేశారు.

మిగిలింది సులువే. నాడి వింటినారిలా బిగిసి ఉంటే ఆ మనిషి ఆ రోజు ఏదో అడగబోతోందని అర్థం. నాడిలో కనబడితే అడిగినట్టే, అడిగితే పని కాదన్నట్టే. ఆమె ఇంటికి పోవచ్చు. పళ్ళెంలో ముత్యాలు దొర్లినట్టు నాడి జారుతుంటే కడుపుతో ఉన్నట్టు. కూర్మినాయుడు ముత్యాలు చూడలేదు, పళ్ళెంలో జీడిపప్పు దొర్లించి నేర్చుకున్నాడు. గేటు పాసు ఒక్కరికే కనుక ఇద్దరు లోపలికి రాకూడదు. ఆమె కూడా ఇంటికి పోవచ్చు. ఆమె బల్ల దగ్గర మర్నాటికి వేరొకరు కూర్చుంటారు.

ఢిల్లేశ్వరి మొగుడు కట్టుబడి పనికని విశాఖ వెళ్ళి కబురు మానేశాడు. ఆ బల్ల పోతే ఇంట్లో తనకీ అత్తకీ పొయ్యి వెలగదు. నెల తప్పిన వారానికే ఆమె తవిటమ్మ గుమ్మంలోకి వెళ్ళింది.

"పెద్దమ్మా, రేపు నీ నాడి ఓపాలి ఇత్తావేటి?"

"పట్టుకెల్లవే. నానేటి సేసుకుంటాను దాన్ని. కొట్టుకుంటాదంతే, ఏటీ సెప్పదు."

"అంత సల్లటి నాడి నీకెలాగొచ్చినాదే?"

"పన్లోకొచ్చిన కొత్తల్లో సేతులకి తొడుగులడిగినాను. ఆముదమడిగినాను. కూకోడానికి పీటడిగినాను. పదేళ్ళకి నోరు అడగడం మానీసినాది. ఇంకో పదేళ్ళకి నాడీ మానీసినాది."

పప్పు విరగకుండా పొర తీసే చేతులకి నాడి తీయడం పెద్ద పని కాదు. మోచేతి నుంచి కిందికి బొటనవేలితో ఒత్తుకుంటూ వస్తే మణికట్టు దగ్గర కొస లేస్తుంది. ఆ కొస పట్టుకుని నెమ్మదిగా లాగాలి. రోజూ పొద్దున్న తవిటమ్మ ముందు లోపలికి వెళ్ళి, తన నాడి తీసి, సొన అంటకుండా చేతులకి రాసుకునే బూడిద డబ్బాలో పెట్టి, గేటు పక్క ఊచల్లోంచి ఢిల్లేశ్వరికి అందించేది. డబ్బా తిరిగొచ్చేదాకా గోడకి ఆనుకుని నిలబడేది. ఆ కాసేపూ రెప్ప వేసేది కాదు. ఢిల్లేశ్వరి మాత్రం పగలంతా నాడి లేకుండానే పొర తీసేది. గేటు దాటాక ఆ పనికి నాడి అక్కర్లేదు, పెరిగే పొట్టని చూడమని రూలూ లేదు.

ఆమె సొంత నాడి ఇంట్లో చూరు కింద మరో డబ్బాలో గలగలలాడుతూ ఉండేది. ఎలకలనుకుని అత్త మూత మీద రాయి పెట్టింది.

తర్వాత నడుము నొప్పి ఉన్నావిడ ఒకరు తవిటమ్మ నాడి అడిగారు. మేస్త్రీ చెయ్యి పట్టుకున్నాడని మండిపోతున్న పిల్ల ఒకతి అడిగింది. తవిటమ్మ కాదనలేదు. కాదనడం కూడా ఆ నాడిలో లేదు. దసరా నాటికి డబ్బా ఊచల్లోంచి రోజూ నలభై ఒక్క సార్లు బయటికి వెళ్ళి వస్తోంది.

కూర్మినాయుడు రిజిస్టరు పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"అందరిదీ ఒకటే నాడండి బాబూ. ఏదో మోసం ఉన్నాదండి."

"ఎవరైనా ఏమైనా అడుగుతున్నారా?"

"లేదండి. మూడు నెల్లై ఒక్కరూ అడగనేదు."

"మరి మోసం ఎవరికయ్యా?"

సోమవారం గేటు మీద నోటీసు అంటించారు. ఆ నాడి ఇకపై ఫ్యాక్టరీ నాడి. తవిటమ్మ దాన్ని గేటు గదిలో జమ చేయాలి. జమ చేసింది. మేకుకి తగిలించారు. ఒక్కొక్కరూ దాన్ని కట్టుకుని, చూపించి, విప్పి లోపలికి వెళ్ళేవారు. రెండు వారాల తర్వాత కట్టుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఎవరి మణికట్టు చూసినా అదే కొట్టుకుంటోంది. గేటు గదిలో గడియారం వేళ తప్పితే ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని సరిచేసేవారు.

ఓ రోజు తవిటమ్మ గేటు గది ముందు నిలబడింది. "నా నాడి నాకిచ్చీండి బాబూ."

కూర్మినాయుడు రూలు ప్రకారం ఆమె చెయ్యి అందుకుని మూడు వేళ్ళూ పెట్టాడు. పైన చూశాడు, మధ్యన చూశాడు, లోతున చూశాడు. "నువ్వేటీ అడిగినట్టు నేదే, తవిటమ్మా," అన్నాడు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె చేతులు చల్లబడిపోయాక సొన వాటిని కాల్చడం మానేసింది. తొడుగుల సమస్య ఆ విధంగా తీరిందని మేనేజరు రాసుకున్నాడు.

ఢిల్లేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడవలేదు. ఆసుపత్రి నర్సు బుల్లి మణికట్టు పట్టుకుని అంతా బాగానే ఉందంది. ఇంటికొచ్చాక కూడా పిల్ల పాలకి ఏడవలేదు, తడిసినా ఏడవలేదు. పెడితే తాగేది, పెట్టకపోతే కప్పు వైపు చూస్తూ పడుకునేది. "బంగారం నాంటి గుంట," అని అత్త వీధంతా చెప్పుకుంది. నెల తిరిగేసరికి పిల్ల పుట్టినప్పటి కన్నా తేలికైంది.

నాడిలో కడుపు కనబడలేదు కనుక బల్ల ఇంకా ఆమెదే, సోమవారం నుంచి పనిలోకి రమ్మని కబురొచ్చింది. ఆదివారం ఢిల్లేశ్వరి చూరు కింది డబ్బా దించి, రాయి తీసి, తన నాడిని పిల్ల చేతికి కట్టింది.

పిల్ల ఏడ్చింది. నెల రోజుల ఆకలీ ఒక్కసారే ఏడ్చింది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఢిల్లేశ్వరికి రొమ్ము చేపుకొచ్చి రవిక తడిసింది. పిల్ల పీల్చి పీల్చి తాగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఏడ్చింది. ఢిల్లేశ్వరి దాన్ని వింటూ కూర్చుంది.

"ఊరుకోబెట్టే," అంది అత్త గుమ్మంలోంచి. "రేపు నీతో షెడ్డుకొచ్చి ఇలాగేడిత్తే బల్ల పోద్ది."

ఢిల్లేశ్వరి పిల్ల చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. మోచేతి నుంచి కిందికి, చాలా నెమ్మదిగా, బొటనవేలితో ఒత్తుకుంటూ వచ్చింది. ఎంతో లేత చెయ్యి. అయినా నాడి ఎక్కడా తెగకుండా ఊడి వచ్చింది.

పొద్దున్న గేటు దగ్గర కూర్మినాయుడు ముందు తల్లి చెయ్యి చూశాడు, తర్వాత పిల్లది. మూడు వేళ్ళకి చోటు చాల్లేదు, ఒక్క వేలితోనే చూశాడు. రిజిస్టరులో వయసుకి గడి లేదు.

"పేరేటి?"

"ఇంకా పెట్టనేదు బాబూ."

"పర్లేదు," అని పేరు గడిలో నలభై మూడు వేశాడు.